ఇద్దరూ కలిసి రాద్దురుగాని

"వాడి ముందు ఆ పిల్ల సీటు మాట ఎత్తొద్దు," అన్నాడు శివనాగరాజు, పాలు పొంగకుండా స్టవ్ దగ్గర నిలబడ్డ భార్యతో. గట్టిగా అనలేదు. ఆయన ఏదీ గట్టిగా అనడు. ఇస్త్రీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, ఇవాళ కూరేమిటని అడిగినంత మామూలుగా అన్నాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. పిల్లల్ని కూడా కొట్టడు, తిట్టడు. మెల్లగా చెప్తాడు, మళ్ళీ చెప్తాడు, ఎదుటివాళ్ళు ఒప్పుకునేదాకా చెప్తూనే ఉంటాడు.

కనకలక్ష్మి తల ఊపింది. పాలు దించి, కాఫీ కలిపి ఆయనకిచ్చింది. ఇంకో గ్లాసులో బూస్టు కలిపి, మూత పెట్టి, కొడుకు గది ముందుకెళ్ళి నిలబడింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. దానికి లోపల గడియ లేదు. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు కిందటి వారం ఆమే స్క్రూలు ఊడదీసి తీసేసింది. తలుపుకి చెవి ఆనించి లోపల మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించేదాకా అక్కడే ఉంది. వినిపించాక ఊపిరి వదిలింది. రిజల్టు వచ్చినప్పటి నుంచీ ఆమెకి తెల్లవారడమంటే ఆ చప్పుడు వినిపించడమే.

రాఘవా, అనూషా కవలలు. నిజానికి ముందు పుట్టింది అనూష. చిలకలూరిపేట నర్సింగ్‌హోమ్‌లో ఆడపిల్లని గుడ్డలో చుట్టి తెచ్చేసరికి అత్తగారు మొహం తిప్పుకున్నారట. వెనకాలే మగపిల్లాడు పుట్టాడని తెలిశాక వార్డంతా మిఠాయి పంచారట. "పెద్దవాడు మగపిల్లాడంటేనే ఇంటికి అందం," అని ఆవిడ బారసాలనాడే తేల్చేశారు. అప్పటి నుంచీ ముందు పుట్టిన పిల్ల వెనక పుట్టినవాణ్ణి అన్నయ్యా అని పిలుస్తోంది. కనకలక్ష్మి మొదట్లో నవ్వుకుంది, తరవాత అలవాటు పడింది, ఆ తరవాత ఆ సంగతే మరిచిపోయింది.

పిల్లల పదో తరగతి అయ్యేదాకా ఆమె పేటలో ఒక స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో పనిచేసేది. కంప్యూటర్లో బిల్లులు కొట్టడం, లోడ్ల లెక్క చూడటం. పొద్దున్నే వంట చేసి, క్యారేజీలు కట్టి, పర్చూరు రోడ్డు మీద బస్సెక్కి వెళ్ళేది. సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడేది. అలిసిపోయేది. కానీ ఆఫీసులో ఆమెని కనకలక్ష్మిగారూ అని పిలిచేవాళ్ళు. రోజు మొత్తంలో ఆమె పూర్తి పేరు వినిపించేది అక్కడొక్కచోటే. రాఘవని గుంటూరులో ఐఐటీ కోచింగ్‌లో చేర్చాక శివనాగరాజు ఒకరోజు అన్నం తింటూ అన్నాడు. "హాస్టల్ తిండి వాడికి పడదు కనకం. మంచి తిండి లేకపోతే ర్యాంకు ఎట్లా వస్తుంది? నువ్వెళ్ళి రెండేళ్ళు అక్కడ ఉండాలి. నీ జీతం ఏ మూలకి, చెప్పు." మిల్లు మేనేజరు కూడా అదే మాటన్నాడు, ఇంకాస్త మర్యాదగా. "పిల్లల చదువు కన్నా ఏముందమ్మా. వెళ్ళిరండి." ఎనిమిదేళ్ళు కూర్చున్న కుర్చీలోంచి ఆమె లేచి వస్తుంటే ఎవరూ వద్దనలేదు.

"ఎట్లాగూ నువ్వక్కడే ఉంటావు కాబట్టి అనూషని కూడా తీసుకెళ్ళు. నీకు చేతిసాయంగా ఉంటుంది," అన్నాడాయన. రాఘవకి పేరున్న కాలేజీలో పై బ్యాచి. అనూషకి అదే వీధి చివర ఉన్న చిన్న కాలేజీ. బ్రాడీపేటలో అద్దెకి తీసుకున్న రెండు గదుల్లో ఏసీ ఉన్న గది రాఘవది. తల్లీకూతుళ్ళు వంటగది పక్కన చాప పరుచుకునేవాళ్ళు. కొడుకు నిద్ర పాడవకుండా కుక్కరు విజిల్‌కి గుడ్డ చుట్టడం కనకలక్ష్మి అక్కడే నేర్చుకుంది. మధ్యాహ్నం వేడివేడి క్యారేజీ పట్టుకుని కాలేజీ గేటు ముందు నిలబడేది. ఆమెలాగే ఇంకొల్లు నుంచి, పొన్నూరు నుంచి, పిడుగురాళ్ళ నుంచి ఊళ్ళూ ఇళ్ళూ వదిలేసి వచ్చిన తల్లులు అక్కడ వరసగా నిలబడి ఉండేవాళ్ళు, ఎండలో, కొంగులు తల మీద కప్పుకుని. ఒకళ్ళ పేర్లు ఒకళ్ళకి తెలియవు. రాఘవ వాళ్ళమ్మ, సాయి వాళ్ళమ్మ, అంతే. వారం వారం పరీక్ష మార్కులొచ్చేవి. శనివారం శివనాగరాజు వచ్చి ఆ కాగితం చూసి, మార్కులు తగ్గితే మెల్లగా అడిగేవాడు. "ఈ వారం వాడికేం పెట్టావు?" పెరిగితే ఏమీ అడిగేవాడు కాదు. "లెక్కల్లో వాడికి నా బుర్రే వచ్చింది," అనేవాడు.

అనూష అంట్లు తోమి, నీళ్ళు పట్టి, అన్నయ్య చదివి పక్కన పడేసిన మెటీరియల్ తీసుకుని వంటగది గుమ్మంలో కూర్చునేది. మొదటి ఏడాది రాఘవ దానికి లెక్కలు చెప్పేవాడు. రెండో ఏడాదికి అది వాడికి చెప్పడం మొదలుపెట్టింది. ఆ మార్పు కనకలక్ష్మి చూసింది. చూసి కూడా, పరీక్షల ముందు రోజుల్లో ఇద్దరిలో ఒకళ్ళని పాలు కాచమని లేపాల్సి వస్తే, అనూషనే లేపింది.

రిజల్టు వచ్చిన రోజు శివనాగరాజు ఫోనులో రెండు నంబర్లూ కొట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. హాల్‌టికెట్లు తారుమారయ్యాయేమోనని రెండూ పక్కపక్కన పెట్టి మరీ చూశాడు. రాఘవ కటాఫ్ దాటలేదు. అనూషకి ర్యాంకు వచ్చింది. ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఎదురింటి కరీమున్ సంగతి తెలిసి లడ్డూలు పట్టుకొస్తే, కనకలక్ష్మి వాటిని గుమ్మం బయటే అందుకుని, కొంగు కింద దాచుకుని తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టింది. అవి అక్కడే చీమలు పట్టాయి.

తరవాత కౌన్సెలింగ్‌లో మొదటి విడతలోనే అనూషకి మద్రాసు ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ సీటొచ్చింది. అప్పుడు మాట్లాడాడు శివనాగరాజు. "ఆడపిల్లల కోసమని పెట్టిన సీట్లలో వచ్చిందిలే," అన్నాడు ముందు. రెండు రోజులాగి అసలు మాట చెప్పాడు. "ఒక్క ఏడాది ఆగమను. నేను వద్దనట్లేదు కనకం. ఆగమంటున్నాను. వచ్చే ఏడు ఇద్దరూ కలిసి రాద్దురుగాని. దానికి ఇంకా మంచి ర్యాంకు వస్తుంది, వాడికి తోడూ ఉంటుంది. ఇప్పుడు ఫీజు కట్టామంటే మళ్ళీ రాయనివ్వరు. కట్టకపోతే రాయొచ్చు. రూల్సన్నీ చదివాను."

"పిల్ల చేసిన తప్పేమిటండీ?" అంది ఆమె. పెళ్ళయినప్పటి నుంచీ ఆయనని అడిగిన ప్రశ్నల్లో అదే పెద్దది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పిల్ల సీటు పోతే మళ్ళీ వస్తుంది. పిల్లాడు పోతే మళ్ళీ వస్తాడా?"

ఆ సాయంత్రమే ఆమె పెరటి గదిలోకి వెళ్ళింది. పత్తి చేను కోసం తెచ్చి పెట్టిన పురుగుమందు డబ్బాలున్నాయక్కడ. వాటిని గోనెసంచిలో వేసుకుని కరీమున్ ఇంటికి మోసుకెళ్ళింది. "మీ ఇంట్లో పెట్టుకో. ఎందుకని అడగొద్దు," అంది. కరీమున్ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలు గ్రేడు చేసే పనికి వెళ్తుంది. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండే మనిషి ఆ రోజు సంచి అందుకుని, మంచం కిందికి తోసి, కనకలక్ష్మి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. ఇంటికొస్తూ కనకలక్ష్మి అనుకుంది, ఆయన నా మంచికే చెప్తున్నాడేమో, పిల్ల ఒక్క ఏడాది ఆగితే ఏమవుతుంది, ఒక్క ఏడాదే కదా. అట్లా అనుకోగానే వీధి మధ్యలో నిలబడిపోయింది.

ఇవాళ ఆ సీటు ఒప్పుకోవడానికి ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికల్లా ఫీజు కట్టి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చెయ్యాలి. శివనాగరాజు కాఫీ తాగి, బండి తీసుకుని స్కూలుకి వెళ్ళిపోయాడు.

అనూష హాల్లో ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది. తండ్రి లుంగీలు ఒక పక్క, అన్నయ్య టీషర్టులు ఒక పక్క. తల ఎత్తకుండా అంది. "నేను ఆగుతాలే అమ్మా."

కనకలక్ష్మి గుమ్మంలోనే ఆగింది.

"నిజంగానే. మళ్ళీ రాస్తే ఇంకా బాగా వస్తుందేమో. నువ్వు ఊరికే బాధపడకు."

ఆ మాట వినగానే కనకలక్ష్మికి ముందుగా కలిగింది సంతోషం. హమ్మయ్య అనిపించింది, ఒక్క క్షణం. గుండెల మీది బరువు ఎవరో దించినట్టయింది. ఆ వెంటనే ఆ దించినదెవరో కనిపించింది. ఎదురుగా చాప మీద కూర్చుని, పద్దెనిమిదేళ్ళకే పెద్ద ఆరిందాలాగా తల్లిని ఓదారుస్తూ, వేరేవాళ్ళ బట్టలు మడతపెడుతున్న పిల్ల. ఈ పని దీనికి నేర్పింది నేనే కదా అనుకుంది కనకలక్ష్మి. అడక్కముందే లేచి ఇవ్వడం, ఇచ్చి కూడా నొప్పి లేదని చెప్పడం. అత్తగారు నేర్పలేదు, ఆయన నేర్పలేదు. వంటగది గుమ్మంలో రెండేళ్ళపాటు రోజూ చూసి నేర్చుకుంది. తనని చూసి.

పళ్ళెంలో అన్నం కలుపుకుని కొడుకు గదిలోకి వెళ్ళింది. రాఘవ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గెడ్డం మాసింది. గదిలో గాలి ఆడక ఒకలాంటి వాసన వేస్తోంది.

"రెండు ముద్దలు తిను నాన్నా."

"అక్కడ పెట్టెళ్ళు."

ఆమె పళ్ళెం పెట్టింది కానీ వెళ్ళలేదు. మంచం అంచున కూర్చుంది. వాడు ఇటు తిరిగాడు.

"నాకన్నీ తెలుసమ్మా. గడియ తీసేశావు. మందు డబ్బాలు కరీమున్ పిన్ని వాళ్ళింట్లో పెట్టావు. నేను కాసేపు చప్పుడు చెయ్యకపోతే వచ్చి తలుపు దగ్గర నిలబడతావు."

కనకలక్ష్మి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"నాకు చావాలని లేదు. నిజంగా లేదు. కానీ మీరందరూ నన్ను అట్లా చూస్తుంటే, చావాల్సినంత తప్పు చేశానేమో అనిపిస్తోంది." వాడు లేచి కూర్చున్నాడు. "అనూషని ఆపమని నేను అడిగానా? ఎవరన్నా నన్ను అడిగారా? అది నా కోసం ఆగిపోతే రేపటి నుంచి దాని మొహం నేనెట్లా చూడను? వచ్చే ఏడు కూడా నాకు రాకపోతే ఏం చేస్తారు? ఇంకో ఏడాది ఆపుతారా దాన్ని?"

"అట్లా అనకు నాన్నా."

"మళ్ళీ ఆ గుంటూరు గదిలోకి పంపకమ్మా నన్ను. నా వల్ల కాదు."

రెండేళ్ళుగా వాడు ఆ మాట అన్నప్పుడల్లా ఆమె ఒకటే జవాబు చెప్పేది. నీ వల్ల అవుతుంది నాన్నా, నువ్వు బంగారానివి, ఇంకొన్నాళ్ళు ఓర్చుకో. ఆ జవాబు అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేసింది. "సరే, పంపను," అంది. వాడు నమ్మలేదు. నమ్మనట్టే చూశాడు. వాడి మాట తను నమ్మొచ్చో లేదో ఆమెకీ తెలియలేదు. చావాలని లేదంటున్నాడు. ఈ పూట లేదేమో, రేపు ఎట్లా ఉంటుందో. కన్నంత మాత్రాన కొడుకు లోపలేముందో తల్లికి తెలుస్తుందా? తెలిస్తే గడియలు తియ్యడం ఎందుకు, డబ్బాలు మొయ్యడం ఎందుకు? ఆమె భయం పిసరంతైనా తగ్గలేదు. కానీ ఒక్కటి మాత్రం స్పష్టంగా కనిపించింది. కూతుర్ని ఆపితే కొడుకు బతుకుతాడన్న మాట ఎవరో అల్లిన మాట. దాంట్లో కొడుకు లేడు, కూతురూ లేదు.

హాల్లోకి వచ్చి, "బట్టలు అక్కడ పెట్టు. ఫోను తీసి ఆ సైటు తెరువు," అంది.

అనూష తల్లి మొహం వైపు చూసి, ఇంకేమీ అడక్కుండా తెరిచింది. నంబరు కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది. తప్పంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పంది. "నేనే పెట్టుకున్న పాస్‌వర్డమ్మా. మొన్నటిదాకా పనిచేసింది."

"నాన్న మార్చుంటాడు," అన్న మాట వెనక నుంచి వినిపించింది. రాఘవ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అన్ని రోజుల తరవాత భోజనానికి కాదు, స్నానానికి కాదు, తనంతట తాను బయటికొచ్చాడు. "రిజిస్టరు చేసిన ఫోను నంబరు నాన్నదేగా. కొత్త పాస్‌వర్డ్ కావాలంటే ఓటీపీ కూడా ఆయనకే వెళ్తుంది."

కనకలక్ష్మి భర్తకి ఫోను చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"క్లాసులో ఉన్నాను కనకం. సాయంత్రం మాట్లాడదాం."

"సాయంత్రం ఐదు దాటితే సీటుండదండీ."

"అందుకే సాయంత్రం మాట్లాడదామంటున్నాను," అన్నాడు. అంతే మెత్తగా. ఫోను పెట్టేశాడు.

ఇరవై ఏళ్ళుగా ఆమె ఆ గొంతు వింటోంది. గట్టిగా అరిచే మగాళ్ళ పెళ్ళాలు కరీమున్ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, నేను అదృష్టవంతురాలిననుకునేది. ఆయన ఒక్కనాడు చెయ్యెత్తలేదు, నోరు జారలేదు. చెయ్యెత్తాల్సిన అవసరమే రానివ్వలేదు తను. ఇవాళ మొదటిసారి ఆ మెత్తటి గొంతు కింద ఏముందో చేత్తో తడిమినట్టు తెలిసింది.

"సర్టిఫికెట్లన్నీ సంచిలో పెట్టుకో," అంది కూతురితో. తరవాత కొడుకు వైపు తిరిగింది. వాణ్ణి ఒంటరిగా ఇంట్లో వదలడం ఆమె వల్ల కాదు. "చొక్కా మార్చుకో. నువ్వూ రా."

కరీమున్ మొగుడు బుడాన్ ఆటో తీశాడు. దారి పొడుగునా నల్లటి చేలు. నిన్న పడ్డ వానకి దుక్కులు తడిసి ఉన్నాయి, ఆడవాళ్ళు వంగి పత్తి గింజలు నాటుతున్నారు. రాఘవ ఎండకి కళ్ళు చికిలించుకుంటూ బయటికి చూస్తున్నాడు. అనూష సంచి గుండెకి అదుముకుని కూర్చుంది. కనకలక్ష్మి స్కూల్లో అనాల్సిన మాటలు కూడబలుక్కుంటోంది. ఆయన అందరి ముందూ కాదంటే? పిచ్చిదానిలాగా మాట్లాడుతోందని నవ్వేస్తే? ఆ స్కూలుకి ఆమె ఒక్కసారే వచ్చింది, మహిళా దినోత్సవానికి. ఆడపిల్లల చదువు గురించి ఆయన మైకులో మాట్లాడాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుని తనూ కొట్టింది.

హెడ్మాస్టరు గదిలో షహనాజ్ మేడమ్ ఏదో రాసుకుంటోంది. ఆవిడ ఈ ఏడే హెడ్మిస్ట్రెస్‌గా బదిలీ మీద వచ్చింది. కనకలక్ష్మి గుమ్మం దాటి లోపలికెళ్ళి నమస్కారం పెట్టింది.

"నేను శివనాగరాజుగారి భార్యని మేడమ్. మా అమ్మాయికి ఐఐటీలో సీటొచ్చింది. ఐదింటిలోపల ఒప్పుకోవాలి. మా వారి ఫోనుకి ఒక నంబరొస్తుంది. అది కావాలి." వచ్చే దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్క గుక్కలో అనేసింది.

షహనాజ్ మేడమ్ కలం పెట్టేసి లేచి నిలబడింది. "ఐఐటీలోనా? మాస్టారు మాతో ఒక్క ముక్క కూడా అనలేదే." తానే వరండాలోకి వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చింది. ఆయన వెంట పక్క క్లాసుల టీచర్లు ఇద్దరు కూడా వచ్చారు. శివనాగరాజు చేతులకి చాక్‌పీసు పొడి అంటుకుని ఉంది. భార్యని చూశాడు, పిల్లల్ని చూశాడు. నవ్వాడు.

"ఇక్కడిదాకా ఎందుకొచ్చావు కనకం. ఫోను ఛార్జింగులో ఉంది. ఇంటికెళ్ళాక చూద్దాంలే."

సరిగ్గా అప్పుడే అనూష తన ఫోనులో ఓటీపీ అడిగే బటన్ నొక్కింది. ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. గదిలో అందరూ విన్నారు.

"అదిగో వచ్చింది. చదవండి మాస్టారూ," అంది షహనాజ్ మేడమ్ సంతోషంగా. ఆయన ఫోను తీశాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. ఒక్కో అంకే స్పష్టంగా చదివాడు. అనూష కొట్టింది. తప్పంది.

"ఇంకోసారి నొక్కమ్మా," అన్నాడాయన. మళ్ళీ మోగింది. మళ్ళీ చదివాడు. మళ్ళీ తప్పంది. "నెట్‌వర్కు సరిగా లేనట్టుంది," అన్నాడు అందరి వైపూ చూసి. టీచర్లు అవునన్నట్టు తలలూపారు. అనూష కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కనకలక్ష్మికి అర్థమైంది. ఇరవై ఐదేళ్ళుగా లెక్కలు చెప్తున్న మనిషి. కూరగాయలవాడి చీటీలో అంకె తేడా ఉంటే దూరం నుంచే పట్టేస్తాడు. ఆయన పొరపాటున అంకె తప్పు చదవడు. రెండు అడుగులు ముందుకేసి, ఆయన ముందు చెయ్యి చాపింది.

"ఇట్లా ఇవ్వండి."

"నేను చదువుతున్నాగా."

"ఇవ్వండి."

షహనాజ్ మేడమ్ మొహంలో సంతోషం పోయి వేరే ఏదో వచ్చింది. ఆవిడ శివనాగరాజు వైపు కాకుండా కనకలక్ష్మి చాపిన చేతి వైపు చూస్తోంది. ఆ చెయ్యి కిందికి దిగడం లేదు. ఆయన నవ్వు చెదరకుండానే ఫోను ఆ చేతిలో పెట్టాడు. ఆమెకి మాత్రమే వినిపించేలా, "ఇంటికి పద," అన్నాడు.

"మళ్ళీ నొక్కమ్మా అనూషా," అంది కనకలక్ష్మి. ఈసారి అంకెలు ఆమే చదివింది. సైటు తెరుచుకుంది.

షహనాజ్ మేడమ్ తన కుర్చీ ఖాళీ చేసి అనూషని అందులో కూర్చోబెట్టింది. రాఘవ సంచిలోంచి సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ తీసి అందిస్తూ, ఏది ఎక్కడ పెట్టాలో చూపించాడు. వాడూ ఆ సైటుని ఎన్నో రోజులు చూసుకుని ఉంటాడు, తన కోసం. ఫీజు కనకలక్ష్మి తన ఖాతాలోంచి కట్టింది. మిల్లు జీతంలో మిగిల్చుకున్నది, ఏ మూలకని ఆయన అన్న డబ్బు. సీటు ఒప్పుకున్నట్టు ఫోనులో మాట పడగానే అనూష బల్ల మీద తల పెట్టేసింది. రాఘవ దాని వీపు మీద చెయ్యి వేశాడు. వేసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. టీచర్లు శివనాగరాజుకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "మీ పెంపకం సార్," అన్నాడొకాయన. "అంతా పిల్ల కష్టమేనండి," అన్నాడు శివనాగరాజు.

పొద్దు వాలాక ఆయన ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుని వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. కనకలక్ష్మి అరుగు మీద గోంగూర ఒలుస్తోంది. మంచినీళ్ళు తెచ్చివ్వడానికి లేవలేదు. లేవలేదన్న సంగతి ఆయన గమనించాడని కూడా ఆమెకి తెలుసు.

"నలుగురిలో నా పరువు తీశావు. పోనీ, అది వదిలెయ్," అన్నాడు మెల్లగా. "సోమవారం నుంచి లాంగ్‌టర్మ్ బ్యాచి మొదలవుతుంది. పాత గదికే మళ్ళీ అడ్వాన్సు ఇచ్చాను. రేపు నువ్వూ వాడూ గుంటూరు బయల్దేరండి."

"రేపు గుంటూరు వెళ్తున్నాం. ఆ గదికి కాదు, డాక్టరు దగ్గరికి. మనసుకి మందిచ్చే డాక్టరు."

"బుద్ధుందా నీకు? నలుగురికీ తెలిస్తే?"

"తెలియనివ్వండి." ఆమె ఆకులు ఒలుస్తూనే ఉంది. "వాడు ఈ ఏడు ఏ గదిలోనూ చేరడు. ఏం చదువుతాడో, ఎప్పుడు చదువుతాడో వాడే చెప్తాడు. నేను మిల్లుకి ఫోను చేశాను. అనూషని మద్రాసులో దించి వచ్చాక రమ్మన్నారు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకి ఆ మౌనం కూడా తెలుసు. అది ఆయన మాట వెతుక్కునే మౌనం. ఎదుటి మనిషి ఎక్కడ విరుగుతుందో ఆ చోటు చూసుకుని అక్కడ పెట్టే మాట. చివరికి దొరికింది.

"రేపు వాడికేమన్నా అయితే?"

గోంగూర కాడ ఆమె వేళ్ళ మధ్య ఆగిపోయింది. లోపల రాఘవ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్కడి నుంచి ఏ చప్పుడూ రావడం లేదు. నిద్రపోతున్నాడేమో. లేచి చూడాలని కాళ్ళు గుంజుతున్నాయి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కావచ్చు. సీటు వచ్చినా, పోయినా, డాక్టరు చూసినా, తను కంటికి రెప్ప వెయ్యకుండా కాపలా కాసినా కావచ్చు. ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ జవాబు లేదు కాబట్టే ఆయన ఏది అడిగితే అది ఇచ్చింది. ఉద్యోగం ఇచ్చింది, ఊరు ఇచ్చింది, నిద్ర ఇచ్చింది. ఇంకా అడుగుతూనే ఉంటాడు. వాడు బతికున్నంతకాలం అడగొచ్చు.

ఆమె తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది.

"నాకూ భయమేనండీ. పొద్దున వాడు లేచేదాకా రోజూ భయంగానే ఉంటుంది. కానీ ఆ భయానికి నా కూతుర్ని ఇవ్వను."